కలియుగ భీముడు: కోడి రామమూర్తినాయుడుగారు

భూమిమీదనున్న ప్రాణులలో మనుష్యుడు దేహబలమున మిక్కిలి వెనుకబడినవాడు. పులికిగల గోళ్లు వానికి లేవు. లేడికిగల పరుగును లేదు. కోతికిగల లాఘవము గాని, ఏనుగునకుగల బరువు గాని వానికి ప్రసాదింపబడలేదు. అయినను చూచి నేర్చుకొను బుద్ధి వానికి కలదు. ఆ బుద్ధిచేతనే మనుష్యుడు జంతువుల నడకలను, దూకుళ్లను, ఒడలు విరుచుకొను తీరులను కనిపెట్టి వానిని తన దేహమునకు సాధనగా మార్చుకొనెను. ఈ విషయమున మన యుత్తరాంధ్రమునకు లోకమున గొప్ప పేరు తెచ్చిన యొక మహాబలుని జీవితమును మా విద్యార్థుల యెదుట నుంచవలెనని మే మీ వ్యాసమునకు పూనుకొంటిమి. ఆయన మన జిల్లాలవాడు. మనవలె పాఠశాలలో చదువుకొని, కొంతకాలము పాఠశాలలోనే ఉపాధ్యాయుడుగా నున్నవాడు. కావున ఆయన కథ మనకు పరాయిది కాదు.

ముందుగా జంతువులనుండి సాధన నేర్చిన దేశములను గూర్చి కొంచెము చెప్పుదుము. చీనాదేశమున రెండవ శతాబ్దమున పుట్టి 208వ సంవత్సరమున మరణించిన హువా తువో అను వైద్యుడొకడు కలడు. పులి, లేడి, ఎలుగుబంటి, కోతి, పక్షి అను నైదు ప్రాణుల కదలికల ననుసరించి ఆయన యొక వ్యాయామమును కూర్చెను. దేహము కదలుచుండిన నాహారము జీర్ణమగుననియు, రక్తము చక్కగా ప్రసరించి రోగములు దూరమగుననియు ఆయన శిష్యులకు బోధించెను. ఆ శిష్యులలో నొకడైన వూ పూ అనునతడు తొంబది యేండ్లు దాటియు చూపు, వినికిడి, దంతములు చెడక జీవించెనని చీనా చరిత్రకారులు వ్రాసిరి. అదే దేశమున తరువాతి కాలమున హెనాన్ రాష్ట్రమందలి షావొలిన్ మఠము పేర డ్రాగను, పులి, చిరుత, పాము, కొంగ అను నైదు రీతుల యుద్ధవిద్య ప్రసిద్ధికెక్కెను. పులి యెముకలకు దార్ఢ్యము నిచ్చుననియు, చిరుత కండబలమును పెంచుననియు, పాము శ్వాసను నియమించుననియు, కొంగ నిలకడను, ధాతుపుష్టిని చేకూర్చుననియు, డ్రాగను మనోబలము నొసగుననియు వారు విభజించుకొనిరి. మన దక్షిణదేశమునుండి వెడలిన బోధిధర్ముడే యీ విద్యకు మూలపురుషుడని యొక కథ కలదు. చరిత్రకారులు దానిని తరువాతివారి కల్పనగా నెంతురు. ఏమైనను రెండు దేశములకును ఇట్టి భావము సమానమైనదని దానివలన తెలియుచున్నది.

మన దేశమునను ఈ మార్గము ప్రాచీనమే. హఠయోగమున మయూరాసనము, కూర్మాసనము, సింహాసనము, కుక్కుటాసనము అనునవి పక్షిమృగముల పేళ్లతోనే యున్నవి. మలయాళదేశపు కళరివిద్యలో గజము, సింహము, అశ్వము, వరాహము, సర్పము, మార్జాలము, కుక్కుటము, మయూరము అను నెనిమిది నిలుకడలు నేర్పుదురు. ఇక మన యూళ్లలో గరిడీలయందు కర్రసాము, కత్తిసాము నేర్చినవారిని, పండుగలకు పులివేషము కట్టి డప్పుల దరువునకు పంజా విసరుచు, నడుము వంచి అడుగులు వేయువారిని చూడని వారెవరు? పులివేషమును వినోదముగా మాత్రమే చూచువారు ఆ వేషగాని తొడలను, పిక్కలను పరికింపరు. గంటలకొలది మోకాళ్లు వంచి నడచుట యెంతటి సాధనయో చేసి చూచినవానికే తెలియును. దండీ తీయునపుడు నేలకు వంగి రొమ్ము ముందునకు జార్చి తలయెత్తుట నిద్రలేచిన పిల్లి యొడలు విరుచుకొనునట్లుండును. మన ఉస్తాదులు గ్రంథములు వ్రాయలేదు గాని ప్రకృతిని బాగుగా చదివినవారే.

ఇట్టి గరిడీలు, తాలింఖానాలు పరిఢవిల్లిన ప్రదేశమున శ్రీ కోడి రామమూర్తినాయుడుగారు పందొమ్మిదవ శతాబ్దపు తుదిలో, 1880 తరువాతి తొలి యేండ్లలో జన్మించిరి. వారి స్వగ్రామము పాలకొండకు చేరువనున్న వీరఘట్టము. అది నాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. పిదప శ్రీకాకుళము జిల్లాలో చేరి, 2022వ సంవత్సరమునుండి పార్వతీపురం మన్యం జిల్లాలో నున్నది. తండ్రి వెంకన్ననాయుడుగారు. బాల్యముననే తల్లి గతించుటచే బాలుడు పెంకెతనమున పెరిగెను. చదువుకన్న ఆటలయందు, పోట్లాటలయందు మక్కువ యెక్కువ. తండ్రి చూచి చూచి, విజయనగరమున పోలీసుశాఖలో నున్న తన తమ్ముడు నారాయణస్వామిగారి యొద్దకు కుమారుని పంపెను. కొడుకు చెడిపోవునను భయముతో చేసిన యీ పనియే వాని జీవితమునకు దారి చూపెను. పినతండ్రి బాలుని స్వభావము గ్రహించి, ఆ యుడుకును అణచివేయక వ్యాయామశాలకు మరల్చెను. పెంకె పిల్లలనుగన్న తలిదండ్రులును, మా బోటి యుపాధ్యాయులును ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

ఆనాటి విజయనగరము మన భోగాపురమునకు కొద్ది కోసుల దూరమున నుండియు వేరొక లోకమువలె నుండెడిది. గజపతి ప్రభువుల యాదరమున పండితులు, గాయకులు, మల్లులు అచట గుమిగూడిరి. గురజాడ అప్పారావుగారు, ఆదిభట్ల నారాయణదాసుగారు ఆ నగరమున వెలసినది ఆ కాలముననే. అట్టిచోట రామమూర్తి తెల్లవారకముందే లేచి దండీలు, బస్కీలు తీయుచు, కుస్తీ పట్టుచు, బరువులు మోయుచు పెరిగెను. ఇరువది యొకటవ యేట రొమ్ముపై ఒకటిన్నర టన్నుల బరువును మోసెననియు, కొలదికాలమునకే అది రెట్టింపయ్యెననియు ఆయన జీవితము వ్రాసినవారు చెప్పుదురు. మాంసాహారమే బలమునకు మూలమని తలచువారు ఆయన శాకాహారియని విని ఆశ్చర్యపడుచుండిరి.

బలము సంపాదించిన పిమ్మట నాయుడుగారు మదరాసునకు పోయి సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొందిరి. మదరాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల స్థాపింపబడినది 1920లో. అంతకు చాలముందే, వ్యాయామోపాధ్యాయుడనుమాటయే మన పల్లెలవారికి తెలియని దినములలో, ఆయన యోగ్యతాపత్రము పుచ్చుకొని తిరిగివచ్చి, విజయనగరమున తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులైరి. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు ఈ భాగము మిక్కిలి ప్రియమైనది. అపారమైన బలముగల యువకుడు ముందుగా వేదికనెక్కక తరగతినెక్కెను. తాను చేయగలిగినదానిని ఇతరులకు మెట్టుమెట్టుగా నేర్పుటకు వేరొక యోగ్యత కావలెనని ఆయన యెరిగి, ఒక సంవత్సరకాలము మరల విద్యార్థియై కూర్చుండెను.

అయినను పాఠశాల యా బలమునకు చాలకపోయెను. పొట్టి పంతులుగారను మిత్రుని ప్రోత్సాహమున నాయుడుగారు విజయనగరమున సర్కసు సంఘమును స్థాపించిరి. తుని, రాజమహేంద్రవరము మొదలుగా తెలుగు పట్టణములనెల్ల తిరిగి, మదరాసు చేరి, అటుపిమ్మట దేశమంతటను ప్రదర్శనము లిచ్చిరి. కొందరు పెద్దలు సర్కసును నీచవృత్తిగా నెంచుచుండిరి. గౌరవముగల పాఠశాల కొలువు విడిచి గుడారములలో బ్రతుకుట యేమని ఆక్షేపించినవారును ఉండవచ్చును. కాని ఆ దినముల స్థితిని మనము తలపునకు దెచ్చుకొనవలెను. భారతీయులు స్వభావముచేత దుర్బలులనియు, ఏలబడుటకే తగినవారనియు పాలకులలో పలువురు నమ్ముచుండిరి. మెకాలే దొర బంగాళీలను గూర్చి అట్లే 1841లో వ్రాసియుండెను. 1904-05లో యూరోపుఖండపు ప్రసిద్ధ బలశాలి సాండో మన దేశమునకు వచ్చి ప్రదర్శనము లిచ్చినపుడు జనులు తండోపతండములుగా చూడబోయిరి. మనలో అట్టివాడు లేడా యని ప్రతివాడును లోలోన ప్రశ్నించుకొనెను. ఆ ప్రశ్నకు ఉత్తరాదిని గామా పహిల్వాను 1910లో లండను గోదాలో ప్రత్యుత్తర మిచ్చెను; దక్షిణాదిని రామమూర్తినాయుడుగారు తన గుడారమున నిచ్చిరి. కావున నది సర్కసు మాత్రమే కాదు. తలవంచుకొనియున్న జాతి తల యెత్తుకొనుటకు ఆధారము.

ఇక ఆ ప్రదర్శనములెట్టివో చెప్పుదుము. ఒడలికి ఇనుపగొలుసును బిగించి కట్టుకొని, ఊపిరిపీల్చి రొమ్ము పొంగించి ఆ గొలుసును తెంచుట యొకటి. రెండు భుజములకు గొలుసులు తగిలించి, వాని కొనలను రెండు మోటారుకార్లకు కట్టించి, అవి ఎదురెదురు దిక్కులకు లాగుచున్నను కదలక నిలుచుట యొకటి. వైస్రాయి మింటో ప్రభువు స్వయముగా కారు నడిపి పరీక్షించి, బండిని ముందునకు పోనీయలేక మెచ్చుకొనెనని ప్రసిద్ధి కలదు. అన్నిటికన్న గొప్పది ఏనుగును రొమ్ముపై నిలుపుట. నాయుడుగారు వెల్లకిల పరుండెడివారు. రొమ్ముపై బలమైన పలక నుంచెడివారు. ఏనుగు దానిపై కాలుమోపి యెక్కి నిలిచెడిది. గుడారమున వేలకొలది జనులు ఊపిరి బిగబట్టి చూచుచుండ, ఏనుగు దిగిన వెంటనే ఆయన లేచి నిలిచి నమస్కరించెడివారు.

మా విద్యార్థులలో శాస్త్రబుద్ధిగలవారు ఇది యెట్లు సాధ్యమని యడుగుదురు. అడుగవలసినదే. పలక యేనుగు బరువును ఒక్కచోట గుచ్చుకొననీయక విశాలముగ పరచును. పెంచిన గాలితో నిండియున్న రొమ్ము, మూయబడిన కంఠద్వారముతో, గాలి నింపిన బంతివలె గట్టిపడును. పక్కటెముకలు కమానువలె వంగి బరువును ఇరుప్రక్కలకు పంచును. ఏండ్లకొలది సాధనచే గట్టిపడిన కండరములు ఆ కమానుకు కట్టుబడులై నిలుచును. కాని ఇవన్నియు ఏకకాలమున కుదురవలెనన్న భయము లేని మనస్సు కావలెను. ఒక్క క్షణము ఊపిరి జారెనేని ఎముకలు నుగ్గగును. నాయుడుగారు తన బలమంతయు ప్రాణాయామమునందును, మనస్సు నొక్కచోట నిలుపుటయందును ఉన్నదని నమ్మి, యువకులకు దానినే బోధించుచుండిరి. చీనావారు పాముయొక్క రీతికి శ్వాసను, డ్రాగను రీతికి మనస్సును కేటాయించి, వానిని కండబలమునకు పైన నుంచుటయు ఇందులకే. ఇచట నొక హెచ్చరిక: ఈ పనులను చదివి యెవరును ప్రయత్నింపరాదు. ఇరువదియేండ్ల సాధన వెనుకలేని సాహసము మృత్యువును పిలుచుటయే యగును.

ఆయన యశస్సు దేశమంతట వ్యాపించెను. పూనాలో లోకమాన్య తిలక్ గారు ఆయనను సన్మానించి మల్లమార్తాండ బిరుద మిచ్చిరి. అలహాబాదున మదనమోహన మాలవ్యాగారి యాదరము లభించెను. కలియుగ భీముడనియు, వీరకంఠీరవుడనియు జనులు ఆయనను కొనియాడిరి. కంఠీరవమనగా సింహము. ఇంటిపేరున కోడియు, బిరుదమున సింహమును గలవాడు ఏనుగును రొమ్ముపై మోసెనని మన పెద్దలు హాస్యముగా చెప్పుకొనుట కలదు. పిమ్మట ఆయన సముద్రయానము చేసి లండను చేరి, అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట బలప్రదర్శనము గావించి, ఇండియన్ హెర్క్యులీసని పేరు బడసిరి. స్పెయిను దేశమున ఎద్దులపోరును చూడబోయి, ఆయుధముతో పశువును పొడుచుట వీరత్వము కాదని తలచి, వట్టి చేతులతో రంగమున దిగి ఎద్దు కొమ్ములు పట్టి నేల పడవైచెనను కథ మన జిల్లాలలో తాత మనుమనికి చెప్పుచు వచ్చుచున్నది. బర్మాలో ఓర్వలేనివారు ఆయన ప్రాణమునకు హాని తలపెట్టిరనియు చెప్పుదురు.

సంపాదించిన ధనమును ఆయన కూడబెట్టలేదు. కోరివచ్చిన బీదలకును, జాతీయ కార్యములకును దానము చేసిరనియు, యువకులకొరకు వ్యాయామశాలలు నెలకొల్పవలెనని కలలు గనిరనియు ఆయనను ఎరిగినవారు చెప్పుచుండిరి. సర్కసు నడపుట యెంతటి వ్యయమో, జంతువుల మేతకు, మనుష్యుల జీతములకు ఎంత కావలెనో తలచిన, ఆ దానములు మిగిలినదానినుండి చేసినవి కావని తెలియును.

ఇంతవరకు చెప్పినది జయగాథ. ఇక చెప్పబోవునది మాకు ఇంకను ముఖ్యముగ తోచుచున్నది. ఏనుగును మోసిన యా దేహమునకు కాలిపై లేచిన యొక వ్రణము శత్రువయ్యెను. అది మానక ముదిరి, తుదకు కాలు తీసివేయవలసి వచ్చెను. శస్త్రచికిత్సకు ముందు క్లోరోఫారము పుచ్చుకొనుటకు ఆయన నిరాకరించి, ప్రాణాయామముచే నొప్పినోర్చుకొనెనని జనులు చెప్పుకొందురు. ఇచట మాకొక విషయము తలపునకు వచ్చుచున్నది. మేము ముందు చెప్పిన చీనా వైద్యుడు హువా తువో ఐదు జంతువుల వ్యాయామమునకే గాక, మద్యముతో మందునిచ్చి రోగికి స్మృతి తప్పించి శస్త్రచికిత్స చేయుటకును ఆ దేశ చరిత్రలో ప్రసిద్ధుడు. దేహమును దృఢపరచు విద్యయు, బాధను తగ్గించు విద్యయు ఆయన చేతిలో వేరుకావు. నొప్పి నోర్చుట గొప్పయే. కాని రోగికి నొప్పి లేకుండ చేయుటయు మనుష్యుని గొప్పతనమే. నాయుడుగారి ధైర్యమును మెచ్చుకొనుడు. మందును మాత్రము తృణీకరింపకుడు. చిన్నపుండునకైనను వేళకు వైద్యుని జూచుట వ్యాయామమువలెనే దేహధర్మము.

పరువెత్తలేని, నిలువలేని స్థితిలో నాయుడుగారు ఒరిస్సాలోని పాట్నా సంస్థానపు రాజధాని బలాంగీరున ప్రభువుల యాశ్రయమున తుదిదినములు గడపి, 1942వ సంవత్సరము జనవరి నెలలో అచటనే తనువు చాలించిరి. స్వగ్రామమున కాదు, గుడారమున కరతాళధ్వనుల నడుమను కాదు. జనులు వేలకొలదిగా చూచిన దేహము కొలదిమంది యెదుట శాంతించెను.

దీనినిబట్టి దేహబలము వ్యర్థమని తలచుట తగదు. ఏనుగు కూడ ముసలిదగును. పులి కూడ పండ్లూడి గుహలో పడియుండును. అందుచేత వాని బలము అబద్ధము కాదు. అయితే మృగమునకు లేనిది, మనుష్యునకున్నది ఒకటి కలదు. మృగము తన బలమును తనతోనే తీసికొనిపోవును. మనుష్యుడు దానిని మరియొకనికి నేర్పిపోగలడు. నాయుడుగారి కాలు పోయెను, ప్రాణము పోయెను, కాని వారిని చూచి దండీలు తీయనారంభించిన బాలురు ఆంధ్రదేశమున ప్రతి పట్టణమునను ఉండిరి. నేడు శ్రీకాకుళమున క్రీడామైదానము ఆయన పేర నున్నది. విశాఖపట్టణమున సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచియున్నది. ఆ దారిని పోవు మన విద్యార్థులు విగ్రహముముందు ఛాయాపటము తీసికొని పోవుదురు గాని, ఎవరిదని యడుగువారు అరుదు. ఇకమీదనైన నడుగుదురు గాక.

మన పాఠశాల బాలబాలికలకు మేము చెప్పవలసినది కొంచెమే. ఏనుగును మోయుడని మేము చెప్పము. తెల్లవారకముందే లేచి మన ఊరి పొలముగట్లపై గాని, సముద్రపు టొడ్డున ఇసుకలో గాని పరుగిడుడు. కొంగ ఒంటికాలిపై ఎంతసేపు కదలక నిలుచునో చూచి మీరును నిలువుడు. పిల్లి యెట్లు ఒడలు విరుచుకొనునో, కోతి యెట్లు కొమ్మపట్టి వ్రేలాడునో కనిపెట్టుడు. దీర్ఘముగా ఊపిరి పీల్చుట నేర్చుకొనుడు. ఈ పనులకు రూకలక్కరలేదు. పేదవాని బిడ్డకును, ధనికుని బిడ్డకును సమముగ లభించును. పిదప మీరు నేర్చినదానిని మీ తమ్మునికో, చెల్లెలికో, మీకన్న దుర్బలుడైన తోడివిద్యార్థికో నేర్పుడు. బలవంతుడు దుర్బలుని వెక్కిరించునేని వాడు అడవిమృగమునుండి గోళ్లను మాత్రమే నేర్చినవాడగును. వీరఘట్టములో తల్లిలేని పెంకెపిల్లవానికి ఒక పినతండ్రి ప్రేమతో దారి చూపుటచేత ఒక దేశమునకు గౌరవము కలిగినది. మీలో ఎవనియందు ఏ బలము దాగియున్నదో మాకు తెలియదు. దానిని వెలికిదీయుటకే ఈ పాఠశాల యున్నది.